పైకి లేవాలంటే కిందికి తొయ్యాలి

పోయిన నెల మోటారు పంపుల గురించి నేను రాసింది చదివి, బస్తీలో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ఇంటికొచ్చారు. "ఫిట్టరు మావయ్యా, ఈసారి పిల్లలకి కూడా పనికొచ్చేదేదైనా రాయండి" అన్నారు. ఏం రాయాలా అని నేను పెద్దగా వెతుక్కోవలసిన పని పడలేదు. మా మనవరాలే తెచ్చి ఒళ్లో పడేసింది.

ఆ ఆదివారం పొద్దున్న ఇద్దరం రంభ జెట్టీ మీద కూర్చున్నాం. చిలికా మీదుగా హెలికాప్టర్ ఒకటి బాలుగావ్ వైపు వెళ్లింది. ఆరో క్లాసు చదువుతున్న పిల్ల, చూసి ఊరుకుంటుందా?

"తాతా, విమానం అయితే పరిగెత్తి పరిగెత్తి లేస్తాది. ఇది ఉన్నచోటే ఎలగ లేస్తాది?"

"ఫ్యాను ఉంది కదమ్మా."

"మనింట్లో ఫ్యాను కూడా ఉంది. ఇల్లు లేవట్లేదు కదా!"

దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెయ్యి నా ఎడమ కాలి పిక్క మీదికి పోయింది. అక్కడ జానెడు మచ్చ ఉంది. రైసు మిల్లులో ముప్పై రెండేళ్లు బ్లోయర్లు, ఎలివేటర్లు, బెల్టుల మధ్య పనిచేశాను. ఒక్క వేలు తెగలేదు. ఈ మచ్చ మిల్లు పెట్టింది కాదు. హెలికాప్టర్ గాలి పెట్టింది.

ఆ రేకులు పేర్చింది నేనే

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ రాత్రి సంగతి మన బస్తీల్లో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. 1999లో వచ్చిన తుపానుల అనుభవం వల్ల ఈసారి ముందే జనాన్ని ఖాళీ చేయించారు. ప్రాణాలు దక్కాయి గానీ కొంపలు దక్కలేదు. తెల్లారి చూస్తే చెట్లు రోడ్డు మీద, స్తంభాలు పొలాల్లో, మన ఇళ్ల కప్పు రేకులు ఎవరివి ఎక్కడున్నాయో తెలియదు.

దొరికిన రేకులన్నీ ఏరి, మైదానం పక్కన ఒకచోట పేర్చాం. నేనే దగ్గరుండి పేర్పించాను. మూడో నాడు మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చింది. మైదానం మీద ఒక చుట్టు తిరిగి దిగడం మొదలుపెట్టింది. మేమంతా పరిగెత్తాం. పిల్లలు ముందు, ఆడవాళ్లు వెనక. ఇంకా తాటిచెట్టంత ఎత్తులో ఉండగానే గాలి కొట్టింది. దుమ్ము లేచి కళ్లు కనబడలేదు. పేర్చిన రేకుల్లో పైది లేచింది, దాని వెనక రెండోది. ఒకటి వచ్చి నా పిక్క కోసుకుంటూ పోయింది.

నా పక్కనే మా వీధి కోడలొకామె ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. ఆ రేకు ఇంకో రెండు అడుగులు ఎత్తున వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. పన్నెండో తారీఖు రాత్రి ఏమీ చెయ్యలేని మనల్ని పదిహేనో తారీఖున సాయం మోసుకొచ్చిన గాలి కొట్టింది. తప్పు హెలికాప్టర్ నడిపినవాడిది కాదు. రేకుల మీద నాలుగు రాళ్లు పెట్టాలని తోచనిది నాకు. బ్లోయరు ముందు పొట్టు ఎలా ఎగురుతుందో రోజూ చూసినవాణ్ణి. నాకు తెలియాలి.

అందుకే మనవరాలి ప్రశ్నకి జవాబు సరదాకి రాయడం లేదు.

గాలికి బరువుంది

ముందు ఒక మాట నమ్మాలి: గాలి అంటే ఖాళీ కాదు. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి దాదాపు 34 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ.

బరువున్నదాన్ని తోస్తే అది మనల్ని తిరిగి తోస్తుంది. చిలికాలో నావ నడిపేవాళ్లని చూడండి. గెడ కర్రతో అడుగు నేలని వెనక్కి తోస్తారు, నావ ముందుకి పోతుంది. లోతు ఎక్కువైతే తెడ్డుతో నీళ్లని వెనక్కి తోస్తారు, అప్పుడూ నావ ముందుకే పోతుంది. హెలికాప్టర్ కూడా ఇదే పని చేస్తుంది. కాకపోతే దాని తెడ్డు తల మీద ఉంది, అది తోసేది గాలిని, తోసే వైపు కిందికి. గాలిని కిందికి తోస్తుంది కాబట్టి తాను పైకి లేస్తుంది.

మన సీలింగు ఫ్యానూ గాలిని కిందికే తోస్తుంది. అంటే నడుస్తున్నంతసేపూ ఫ్యాను కూడా పైకి లేవాలని చూస్తుంది. కొక్కేనికి పడే బరువు కొంచెం తగ్గుతుంది. అంత చిన్న రెక్కలు, అంత చిన్న మోటారు కాబట్టి ఆ బలం ఇల్లు లేపడానికి కాదు కదా, ఫ్యానుని లేపడానికీ చాలదు. మనవరాలి మొదటి ప్రశ్నకి ఇదీ జవాబు.

రెక్క ఏం చేస్తుంది?

చిన్నప్పుడు బరంపురం పాసింజరులో కిటికీ లోంచి చెయ్యి బయటపెట్టి ఆడుకునేవాళ్లం. మీరు పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. అరచెయ్యి నేలకి సమానంగా పెడితే గాలి కోసుకుని పోతుంది. బొటనవేలి వైపు అంచు కాస్త పైకెత్తితే చాలు, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. మరీ నిలువుగా పెడితే లేవడం మానేసి వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్క రహస్యం చాలావరకు ఇదే. ఎంత వాలు పెట్టాలో అంతే పెట్టాలి.

రెక్క వాలుగా, కాస్త ఉబ్బుగా ఉంటుంది. దాని మీదుగా పోయే గాలి ఆ ఉబ్బుని పట్టుకుని వంగి కిందికి దిగుతుంది. రెక్క పై వైపు ఒత్తిడి తగ్గుతుంది, కింది వైపు పెరుగుతుంది. ఆ తేడాయే రెక్కని ఎత్తుతుంది. "పైన దూరం ఎక్కువ, కింద దూరం తక్కువ, రెండు గాలులూ అవతలి అంచు దగ్గర ఒకేసారి కలవాలి కాబట్టి పైగాలి వేగంగా పోతుంది" అని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అలా ఒకేసారి కలవాలన్న నియమం ఏదీ లేదు. నిజానికి పైగాలే ముందు చేరుతుంది. పిల్లలు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

విమానం రెక్క మీదికి గాలి రావాలంటే విమానం మొత్తం పరిగెత్తాలి. హెలికాప్టర్ ఒళ్లు ఉన్నచోటే ఉంచి రెక్కల్నే పరిగెత్తిస్తుంది. అందుకే దానికి రన్‌వే అక్కర్లేదు.

మన వాయుసేన వరదల్లో, తుపానుల్లో వాడే పెద్ద హెలికాప్టర్ ఎంఐ-17 తీసుకుందాం. ఐదు రెక్కలు. అవి గీసే గుండ్రం అడ్డంగా సుమారు 21 మీటర్లు. ఇంజిను లోపలి చక్రం నిమిషానికి 15 వేల చుట్ల దగ్గర తిరిగితే, గేరుబాక్సు దాన్ని తగ్గించి రెక్కలకి నిమిషానికి 192 చుట్లు ఇస్తుంది. 192 అంటే మన ఫ్యాను కంటే నెమ్మది. అయితే గుండ్రం పెద్దది కాబట్టి రెక్క కొస గంటకు 770 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

నిండా సరుకు వేస్తే ఈ హెలికాప్టర్ బరువు 13 టన్నులు. దాన్ని గాలిలో ఒకచోట నిలబెట్టాలంటే ఎంత గాలి తొయ్యాలి? కాగితం మీద లెక్క కట్టి చూశాను. సెకనుకు 5 టన్నుల పైచిలుకు. పాతిక కిలోల బస్తాల్లో చెప్పుకుంటే, ప్రతి సెకనూ రెండు వందల బస్తాల గాలి కిందికి దించుతుంది. ఆ గాలి కిందికి వచ్చేసరికి గంటకు 85 నుంచి 90 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

ఇప్పుడు రేడియోలో తుపాను కబురు గుర్తు తెచ్చుకోండి. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది, పేరు పెడుతుంది. అంటే నిండు బరువుతో దిగే హెలికాప్టర్ తన కింద ఒక చిన్న తుపాను వెంటబెట్టుకునే వస్తుంది. అది లేకుండా రమ్మంటే కుదరదు. ఆ గాలే దాన్ని మోస్తోంది.

తోకకి ఫ్యాను ఎందుకు?

చేతి డ్రిల్లింగు మిషను వాడినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. బిట్టు ఇనుములో ఇరుక్కుందంటే మిషను మన మణికట్టుని ఎదురుదిక్కుకి మెలితిప్పుతుంది. ఇంజిను రెక్కల్ని ఒక వైపు తిప్పుతుంటే, రెక్కలు హెలికాప్టర్ ఒంటిని రెండో వైపు తిప్పాలని చూస్తాయి. నేల మీద సీలింగు ఫ్యానుకైతే స్లాబు ఉంది పట్టుకోవడానికి. గాలిలో పట్టుకునేదెవరు? అందుకే పొడుగాటి తోక చివర ఒక చిన్న ఫ్యాను నిలువుగా పెడతారు. అది గాలిని పక్కకి తోసి, ఒళ్లు గిర్రున తిరక్కుండా ఆపుతుంది. పైలట్ కాళ్ల దగ్గరి పెడళ్లు దాని కోసమే. ఆ ఫ్యాను బలం పెంచితే మూతి ఒక వైపు తిరుగుతుంది, తగ్గిస్తే రెండో వైపు.

ఆ తోక ఫ్యాను తిరుగుతున్నప్పుడు కంటికి కనబడదు. ఈ మాట మళ్లీ చివర్లో చెబుతాను.

ముందుకి ఎలా పోతుంది?

నేను ఫిట్టర్ని కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చింది ఈ భాగం. రెక్కల కింద షాఫ్టు చుట్టూ రెండు పళ్లేలుంటాయి. స్వాష్ ప్లేటు అంటారు. కింది పళ్లెం తిరగదు. పై పళ్లెం రెక్కలతో పాటు తిరుగుతుంది. మధ్యలో బేరింగు. పై పళ్లెం నుంచి ఒక్కో రెక్కకి ఒక్కో కడ్డీ.

పైలట్ ఎడమ చేతి మీట లాగితే పళ్లేలు రెండూ సమానంగా లేస్తాయి. అన్ని రెక్కల వాలూ ఒకేసారి పెరుగుతుంది. ఎక్కువ గాలి కిందికి పోతుంది, హెలికాప్టర్ లేస్తుంది. కుడి చేతి కర్ర వంచితే కింది పళ్లెం ఒక పక్కకి ఒరుగుతుంది. పైదీ అలాగే ఒరిగి తిరుగుతుంది. అప్పుడు ప్రతి రెక్కా చుట్టులో ఒక పక్క వాలు పెంచుకుని, రెండో పక్క తగ్గించుకుంటుంది. ఎంఐ-17లో ఇది సెకనుకు మూడుసార్లకి పైగా జరుగుతుంది. రెక్కల గుండ్రం మొత్తం ముందుకి ఒరుగుతుంది. గాలి కిందికీ కొంచెం వెనక్కీ పోతుంది. హెలికాప్టర్ ముందుకి పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ముందుకి పోతున్నప్పుడు ఒక వైపు రెక్క గాలికి ఎదురెళుతుంది, రెండో వైపు రెక్క గాలితో పాటు వెనక్కి పోతుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినప్పటికీ, గాలివాటున తొక్కినప్పటికీ ఉన్న తేడా ఇది. ఎదురెళ్లే వైపు బలం ఎక్కువై, యంత్రం పక్కకి తిరగబడాలి. మొదట్లో అలాగే తిరగబడ్డాయి. స్పెయిన్ దేశపు హువాన్ దె లా సియెర్వా అనే ఆయన రెక్క మొదట్లో తలుపు బందులాంటి కీలు పెట్టాడు. బలం ఎక్కువైన రెక్క పైకి లేస్తుంది. లేస్తూ ఉంటే దానికి తగిలే గాలి వాలు తగ్గి, బలమూ తగ్గుతుంది. రెండో వైపు రెక్క కిందికి దిగి బలం పెంచుకుంటుంది. 1923లో ఆయన యంత్రం నిలకడగా ఎగిరింది. అది హెలికాప్టర్ కాదు, దాని రెక్కల్ని ఇంజిను తిప్పదు. కానీ దారి చూపింది. ఆ తర్వాత కీవ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఇగోర్ సికోర్‌స్కీ 1939లో, తల మీద ఒక రోటరు, తోకకి ఒక చిన్న రోటరు పెట్టి ఎగిరించాడు. ఇప్పటికీ ఎక్కువ హెలికాప్టర్లది ఆ రూపమే.

మన బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారుచేసిన ధ్రువ్ మొదటిసారి 1992 ఆగస్టులో ఎగిరింది. దానికి అలాంటి కీళ్లు లేవు. రెక్క మొదలే వెదురుబద్దలా వంగేలా చేశారు.

ఇంజిను ఆగిపోతే?

మనవరాలి రెండో ప్రశ్న ఇదే. అడగడంలో తప్పులేదు. తెలుగువాళ్లకి హెలికాప్టర్ అనగానే రెండు దుఃఖాలు గుర్తొస్తాయి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు, 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు. మా ఇంట్లో కూడా ఆ రెండు రోజులూ పొయ్యి ఆలస్యంగా వెలిగింది. దాంతో "ఇంజిను ఆగితే రాయిలా పడిపోవడమే" అన్న మాట జనంలో ఉండిపోయింది.

అది నిజం కాదు. సైకిలు తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఫ్రీవీలు ఉంది కాబట్టి. హెలికాప్టర్‌కీ అలాంటిదే ఉంది. ఇంజిను ఆగినా రెక్కలు ఆగవు. పైలట్ వెంటనే ఎడమ చేతి మీట దించి రెక్కల వాలు తగ్గించాలి. అప్పుడు కిందికి దిగుతున్న కొద్దీ కింద నుంచి వచ్చే గాలే రెక్కల్ని తిప్పుతుంది. మన గంజాం కొండల్లో వేసవి చివర్లో సాల చెట్టు కాయలు రాలడం చూశారా? ఐదు రెక్కల కాయ గిరగిరా తిరుగుతూ మెల్లగా దిగుతుంది. అదే పద్ధతి. నేల దగ్గరికి రాగానే పైలట్ మీట లాగి, తిరుగుతున్న రెక్కల్లో మిగిలిన బలమంతా ఒక్కసారి వాడి దించుతాడు. తగినంత ఎత్తు, కొంత వేగం, దిగే చోటు, చూడ్డానికి వెలుతురు ఉండాలి. అవి లేనప్పుడే ప్రమాదం.

1972 జూన్ 21న ఫ్రాన్సులో జాన్ బూలే అనే పైలట్ లామా అనే హెలికాప్టర్‌ని 12,442 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లాడు. ఎవరెస్టు కంటే ఎత్తు. అక్కడ ఇంజిను ఆగిపోయింది. ఆ ఎత్తు నుంచి ఇంజిను లేకుండానే క్షేమంగా దిగాడు. ఆ లామానే మన దేశంలో హెచ్‌ఏఎల్ చీతా పేరుతో తయారుచేసింది.

"అందర్నీ ఎందుకు ఎక్కించుకోలేదు?"

ఫైలిన్ తర్వాత ఈ మాట మీద మన బస్తీలో చాలా గొడవ జరిగింది. మంచి మనుషులు కూడా "మనవాళ్లని వదిలేశారు" అన్నారు. అప్పుడు నాకూ అలాగే అనిపించింది. లోపల చోటు ఉన్నా ఎక్కించుకోకపోవడం ఏమిటని.

చోటు ఒక్కటే లెక్క కాదు. ఎండకి గాలి పలచబడుతుంది. పలచని గాలిని ఎంత తోసినా బరువు తక్కువే లేస్తుంది. పైగా చెట్లు, స్తంభాల మధ్య నుంచి నిట్టనిలువుగా లేవాలంటే మైదానంలో లేచినదానికంటే ఎక్కువ బలం కావాలి. తిరిగి వెళ్లే దారికి నూనె బరువూ లెక్కలోకి వస్తుంది. ఒక్క మనిషి ఎక్కువైతే లోపల ఉన్నవాళ్లందరికీ ముప్పు. ఇది తెలిసుంటే ఆ రోజు అన్ని తిట్లు తిట్టి ఉండేవాళ్లం కాదేమో.

మళ్లీ వస్తే

అక్టోబర్ ప్రతి ఏడూ వస్తుంది. 2014లో విశాఖ మీద హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తిత్లీ, రెండూ అక్టోబర్‌లోనే. మళ్లీ ఎప్పుడైనా మన మైదానంలో హెలికాప్టర్ దిగితే ఇవి గుర్తుంచుకోండి. పైన చెప్పిన గాలి లెక్కంతా వీటి కోసమే.

రేకులు, టార్పాలిన్లు, ఖాళీ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు మైదానం దగ్గర ఉండకూడదు. తియ్యలేకపోతే తాళ్లు కట్టి, రాళ్లు పెట్టండి. దగ్గర్లో పొయ్యి వెలుగుతుంటే ఆర్పెయ్యండి, నిప్పురవ్వలు ఎగురుతాయి.

పిల్లల్ని చేతులు పట్టుకుని దూరంగా నిలబెట్టండి. కళ్లకి చెంగు అడ్డం పెట్టుకోండి. చెంగు, కండువా నడుముకి బిగించండి.

పొట్లాలు పైనుంచి విసురుతుంటే కిందికి పరిగెత్తకండి. నేల మీద పడ్డాక తీసుకోండి.

దిగినా సరే, లోపలివాళ్లు చెయ్యి ఊపి పిలిచేదాకా కదలకండి. పిలిచాక ముందు వైపు నుంచి, పైలట్‌కి కనబడేలా, నడుము వంచి వెళ్లండి. తోక వైపు మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. అక్కడ తిరిగే ఫ్యాను కనబడదని ముందే చెప్పాను. గట్టు మీద నుంచి పల్లంలో ఉన్న హెలికాప్టర్ దగ్గరికీ దిగకండి, పెద్ద రెక్కలు తలకి తగిలే ఎత్తులో ఉంటాయి.

చిలికాలో వేటకి వెళ్లే అన్నదమ్ములకి ఒక మాట. మీ నావ మీద హెలికాప్టర్ ఆగితే తెరచాప దించండి, వలలు కట్టెయ్యండి, అందరూ కూర్చోండి. ఆ గాలికి చిన్న నావ బోల్తా పడగలదు.

సాయం కావాలంటే రెండు చేతులూ వాలుగా పైకెత్తి నిలబడాలి. అక్కర్లేదంటే ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. ఏ దేశపు పైలట్‌కైనా ఈ సైగలు తెలుసు. ఊరికే అందరూ చేతులూపితే, పలకరిస్తున్నారో పిలుస్తున్నారో పైవాడికి తెలియదు.

జెట్టీ మీద ఇదంతా చెప్పి ముగించేసరికి ఎండెక్కింది. నీళ్ల మీద ఒక లకుముకిపిట్ట, నలుపూ తెలుపూ మచ్చలది, ఉన్నచోటే రెక్కలు కొట్టుకుంటూ గాలిలో నిలబడింది. మనవరాలు దాన్ని చూపించి, "తాతా, ఇది కూడా గాలిని కిందికి తోస్తోందా?" అంది. "తోస్తోందమ్మా" అన్నాను. "మరి దాని గాలికి ఏవీ ఎగరవు కదా?" అంది.

"దాని బరువెంత, అది తోసే గాలెంత! బరువు పెరిగితే గాలి పెరుగుద్ది."

ఇంటికొచ్చాక మా పెరట్లో, వంటపాక కోసం తెచ్చి గోడకి ఆనించి ఉంచిన రేకులు మూడు కనబడ్డాయి. ఇద్దరం కలిసి పడుకోబెట్టి రాళ్లు పెట్టాం. మీ పెరట్లో కూడా ఒకసారి చూసుకోండి.